ఇంకా ఒక్క కాగితం రావాలి

హాలు కిటికీ వెడల్పు 5 అడుగుల 3 అంగుళాలు. లోపలి గది కిటికీ 3 అడుగుల 10. ఈ కొలతలు రాసుకున్న చీటీ నా పర్సులో 11 వారాలు ఉంది. అగ్రిమెంటు మీద సంతకాలైన రోజు మా ఆయన, ఇల్లు అమ్మే పెద్దాయన కూర్చుని తేదీలు మాట్లాడుకుంటుంటే నేను టేపు పట్టుకుని గదులన్నీ తిరిగాను. అడ్వాన్సు ఇచ్చేశాం, సంతకాలయ్యాయి, ఇంక ఇల్లు మాదే అనుకున్నాను మరి. మడతలు పడీ పడీ ఆ చీటీ మధ్యలో చిరిగిపోయింది. 10లో సున్నా చెరిగిపోయి ఒకటి మిగిలింది. కర్టెన్లు మాత్రం కుట్టించలేదు. ఎవరింటి కిటికీలకి కుట్టిస్తాం?

"ఎప్పుడు మారుతున్నారు?" అని అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటే జవాబు చెప్పేదాన్ని, "కాగితాలు రావాలండీ" అని. మొదటి వారంలో ఆ మాటలో కాస్త గొప్ప కూడా ఉండేది. నాలుగో వారానికి అది సంజాయిషీ అయింది. ఎనిమిదో వారానికి అడగడం వాళ్ళే మానేశారు. అడగకపోతే ఇంకా బాధ. ఏదో బెడిసికొట్టి ఉంటుంది, పాపం అడిగి నొప్పించడం ఎందుకు అనుకుంటున్నారన్నమాట.

ఇంతకీ అగ్రిమెంటు అయిన రోజున మన చేతికి ఏమొస్తుంది? మా లాయరు గారిని ఇదే అడిగాను. "కొనుక్కునే హక్కు వచ్చిందమ్మా, ఇల్లు రాలేదు" అన్నారు. నాకు అప్పుడు కోపం వచ్చింది కానీ ఆయన అన్నది అక్షరాలా నిజం. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ చెప్పేది అదే. అమ్ముతానని రాసిచ్చిన ఒప్పందం దానంతటది ఆ ఆస్తిలో మనకి ఏ హక్కూ పుట్టించదు. దస్తావేజు రాసి, రిజిస్టరు చేస్తేనే ఇల్లు చేతులు మారినట్టు. అలాగని చట్టం మనల్ని పూర్తిగా గాలికొదిలేసిందనీ అనలేం. 55వ సెక్షన్‌లో ఒక ఏర్పాటు ఉంది. కొనేవాళ్ళు ముందుగా ఇచ్చిన డబ్బుకి ఆ ఆస్తే పూచీగా ఉంటుంది, కొనేవాళ్ళు సరైన కారణం లేకుండా వెనక్కి తగ్గితే తప్ప. చదవడానికి ధైర్యంగానే ఉంటుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు మాత్రం సెక్షన్ నంబర్లు గుర్తు రావు, ఇచ్చిన డబ్బే గుర్తొస్తుంది.

ఇంగ్లండులో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ బేరం కుదిరి, ధర ఒప్పుకున్నాక కూడా ఇద్దరిలో ఎవరూ చట్టానికి కట్టుబడి ఉండక్కర్లేదు. ఇరుపక్షాల లాయర్లూ కాంట్రాక్టులు మార్చుకున్న రోజే కట్టుబడినట్టు. ఆ లోపు ఇంకెవరైనా ఎక్కువిస్తామంటే అమ్మేవాళ్ళు నిక్షేపంగా అటు వెళ్ళిపోవచ్చు. దాన్ని గజంపింగ్ అంటారు. చివరి నిమిషంలో ధర తగ్గించమని కొనేవాళ్ళు మెలిక పెడితే గజండరింగ్. రోగం అంత ముదిరితేనే కదా దానికి రెండు రకాల పేర్లు పుడతాయి! కాంట్రాక్టులు మార్చుకున్నాక మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. తాళాలు ఇంకా చేతికి రాకపోయినా, ఇంటికి ఏదన్నా జరిగితే నష్టం మామూలుగా కొనేవాళ్ళదే. అందుకే ఆ రోజు నుంచే బీమా తీసుకోమని లాయర్లు చెబుతారు. ఫ్రాన్సులో అయితే ఒప్పందమయ్యాక కొనేవాళ్ళకి 10 రోజుల గడువుంది, ఏ కారణమూ చెప్పకుండా మనసు మార్చుకోవచ్చు. అమ్మేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

దేశానికో పద్ధతి. కానీ మాటకీ ఇంటికీ మధ్య ఒక త్రిశంకు స్వర్గం అన్నిచోట్లా ఉంది. ఉండటాన్ని నేను తప్పుపట్టను. దానిలో వేలాడేది ఎప్పుడూ కొనేవాళ్ళే కావడం మీదే నా గొడవంతా. రావాల్సిన కాగితాల్లో ఎక్కువ భాగం అమ్మేవాళ్ళవి. వాళ్ళ హక్కు, వాళ్ళ పాత అప్పు, వాళ్ళ అన్నదమ్ముల సంతకాలు, వాళ్ళు కట్టిన పన్నుల రసీదులు. వాటికోసం ఎదురుచూడాల్సింది కూడా వాళ్ళే. అదీ ఇల్లు అమ్మకానికి పెట్టకముందే.

ఇలా అంటే మా ఆయన ఒప్పుకోరు. "ఆ ఎదురుచూపే మనల్ని కాపాడింది కదే" అంటారు. అది నిజమే, చెప్పాలి.

లాయరు గారు వెనక్కి 30 ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు తెప్పించుకుని చదివారు. అన్నేళ్ళు ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. రిజిస్ట్రేషన్ అయిందంటే ప్రభుత్వం ముద్ర వేసి హామీ ఇచ్చినట్టే అని నా నమ్మకం. కాదట. భారతదేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. ఫలానావాళ్ళు ఫలానావాళ్ళకి ఈ కాగితం రాసిచ్చారని రిజిస్ట్రారు పుస్తకంలోకి ఎక్కిస్తారంతే. రాసిచ్చినాయనకి అసలు రాసిచ్చే హక్కుందా అన్నది వెనకటి కాగితం చూసి తేల్చుకోవాలి, ఆ వెనకటాయన సంగతి ఇంకా వెనకటి కాగితం చూసి. గొలుసులో ఒక్క లంకె ఊడినా కింద వేలాడేది మనమే.

ఈ గొలుసు బాధ పడలేకే దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ అనే ఆయన 1858లో వేరే పద్ధతి చట్టంగా తెచ్చాడు. ఆయన అంతకుముందు కస్టమ్స్‌లో పనిచేసినవాడు. ఓడలకి రిజిస్టరు ఉంటుంది, దాంట్లో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని. భూమికి మాత్రం ఎందుకు ఉండకూడదు అన్నాడు. ఆయన పద్ధతిలో రిజిస్టరే హక్కు. వెనకటి కాగితాలు తవ్వే పనిలేదు. చాలా దేశాలు ఆ దారి పట్టాయి. ఇంగ్లండు, వేల్సుల్లో ఇల్లు అమ్మితే హక్కును రిజిస్టరు చేయించి తీరాలన్న నిబంధన అన్ని ప్రాంతాలకూ వర్తించింది 1990 డిసెంబరులోనే. వందేళ్ళు దాటిన ఆలోచన ఒకటి పక్క గదిలోకి నడిచి రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. అక్కడా ఎదురుచూపు పోలేదనుకోండి. హక్కు తేలినా నగరపాలక సంస్థ నుంచి రావాల్సినవి, అప్పిచ్చే బ్యాంకు నుంచి రావాల్సినవి ఉండనే ఉంటాయి.

మా సంగతికొస్తాను. లాయరు గారికి ఒకచోట లంకె ఊడి కనిపించింది. పెద్దాయన ఎప్పుడో ఆ ఇంటిమీద అప్పు తీసుకున్నారు. తీర్చేశారు కూడా. తీరిపోయినట్టు రికార్డుల్లో మాత్రం ఎక్కడా లేదు. ఇల్లు ఇంకా తాకట్టులోనే ఉన్నట్టు లెక్క. అది చూడకుండా కొనేసి ఉంటే ఆ పాత తాకట్టు కూడా కిటికీలతో పాటు మాకే వచ్చేది.

కాబట్టి చదవడం మంచిదే, ఆగడం మంచిదే. నేను కాదనను. కానీ ఆ దోషం కనిపెట్టడానికి లాయరు గారికి పట్టింది ఒక సాయంత్రం. దాన్ని సరిచేసే ఉత్తరం ఒక్కటి రావడానికి పట్టింది 5 వారాలు. మేం ఎదురుచూసింది ఆయన చదువు కోసం కాదు, ఆ ఉత్తరం కోసం.

ఆ ఉత్తరం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పిచ్చిన బ్యాంకు పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదు, ఇంకోదాంట్లో కలిసిపోయింది. పెద్దాయనకి నడవడం కష్టం, అందుకని నేనే తోడు వెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ మర్యాదగానే మాట్లాడింది. పాత ఖాతా నంబరు అడిగింది. పెద్దాయన జేబులోంచి పాలిథిన్ కవరు తీశారు. దాంట్లో ఇంకో కవరు, దాంట్లో రబ్బరు బ్యాండు వేసిన రసీదుల కట్ట. ఆఖరి వాయిదా కట్టిన రసీదు అన్నిటికంటే పైన ఉంది. సిరా వెలిసిపోయి తేదీ మాత్రం లీలగా కనిపిస్తోంది. ఆయన దాన్ని కౌంటరు మీద పెట్టి చేత్తో సాపు చేశారు. "కట్టేశానమ్మా, చూడండి" అన్నారు. ఆవిడ చూసింది. కట్టేశారని నమ్మింది కూడా. "ఉత్తరం మాత్రం హెడ్డాఫీసు నుంచి రావాలండీ" అంది. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. "చెప్పలేం" అంది. ఆ పూట అక్కడ ఉన్న ముగ్గురిలో అబద్ధం చెప్పినవాళ్ళు లేరు, పని ఎగ్గొట్టినవాళ్ళూ లేరు. అయినా ఆ దరఖాస్తు ఒక ట్రేలోకి వెళ్ళి కాగితాల అడుగున పడుకుంది. 5 వారాల తర్వాత నాలుగు లైన్ల ఉత్తరం వచ్చింది. నాలుగే లైన్లు. పెద్దాయన పేరులో ఒక అక్షరం తప్పు. మళ్ళీ పంపించాం.

పని జరుగుతున్న ఎదురుచూపు వేరు, ఫైలు పడుకున్న ఎదురుచూపు వేరు. బయటినుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి, అదే చిక్కు. ఎవర్ని అడిగినా "ప్రాసెస్‌లో ఉందండీ" అంటారు. ఏ భాషలో చెప్పినా ఆ మాటకి అర్థం లేదు.

ఆలస్యానికి ఖరీదు కడితే ఫైలు కదులుతుంది, కట్టకపోతే లేదు. నేను నేర్చుకున్న వాటిలో ఇదొకటి. భారతదేశంలో రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. అప్పు పూర్తిగా తీర్చిన 30 రోజుల్లోగా ఆస్తి ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి, నమోదైన తాకట్టును కూడా తీయించాలి. తప్పు బ్యాంకుదై గడువు దాటితే రోజుకి 5,000 రూపాయలు అప్పు తీర్చినవాళ్ళకి చెల్లించాలి. అది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు బ్యాంకులకి కాగితాలు తిరిగివ్వడం చేతకాక కాదు కదా. తిరిగివ్వకపోతే వాళ్ళకి పోయేదేమీ ఉండేది కాదు. మా పెద్దాయన అప్పు ఏనాటిదో, ఆ లెక్కలోకి రాదు. కానీ ఒక్క ట్రేకి వర్తించిన సూత్రం మిగతా ట్రేలకి ఎందుకు వర్తించదు? కొనేవాళ్ళు అగ్రిమెంటు గడువులోగా డబ్బు తేలేకపోతే అడ్వాన్సు పోతుందని చాలా ఒప్పందాల్లో రాస్తారు. అమ్మేవాళ్ళు కాగితాలు తేలేకపోతే ఏమవుతుందో రాసేవాళ్ళు తక్కువ. మా అగ్రిమెంటులోనూ రాయలేదు. రాయమని అడగడానికి మొహమాటపడ్డాం. పెద్దాయన మంచివాడు, అలా అడిగితే ఏమనుకుంటాడో అని.

ఈ మొహమాటం ఖరీదు తర్వాత తెలిసింది. డబ్బు రూపంలో కాదు.

ఏడో వారంలో పెద్దాయన ఫోన్ ఎత్తడం మానేశారు. మొదటి రోజు బిజీ అనుకున్నాం. రెండో రోజు మా ఆయన నాలుగుసార్లు చేశారు, నేను రెండుసార్లు. రాత్రికి మా ఇంట్లో ఒక కథ తయారైంది. వేరే ఎవరో ఎక్కువ ఇస్తామని ఉంటారు. ఆ బ్యాంకు ఉత్తరం నిజంగా రాలేదా, వచ్చినా చెప్పట్లేదా? మొదటి రోజే ఆ కళ్ళజోడు సర్దుకోవడం చూసి నాకేదో అనిపించింది, అన్నాను నేను. నిజానికి మొదటి రోజు నాకేమీ అనిపించలేదు. మూడో రోజు పొద్దున ఆయనే చేశారు. కంటికి శుక్లం ఆపరేషన్ అయిందట, డాక్టరు ఫోన్ చూడొద్దన్నారట. "మీరు కంగారుపడి ఉంటారమ్మా, క్షమించండి" అన్నారు. సిగ్గుతో నాకు మాట రాలేదు. కళ్ళజోడు సర్దుకునేది కన్ను కనపడక!

ఆ మనిషిని దొంగని చేసింది మేమే, ఆయన కాదు. కాకపోతే మా చేతికి వేరే పని ఏదీ ఇవ్వలేదు ఎవరూ. ఏ కాగితం ఎవరి దగ్గరుంది, ఏ రోజుకి వస్తుంది అన్న కబురే లేనప్పుడు బుర్ర ఊరుకోదు, ఖాళీని నింపుకుంటుంది. నింపేది ఎప్పుడూ చెడ్డవాటితోనే. ఇళ్ళ బేరాలు చెడిపోయిన కథలు వింటే చాలావాటిలో నాకు మోసం కన్నా మౌనమే ఎక్కువ కనిపిస్తుంది. ఒకళ్ళు చెప్పరు, ఇంకొకళ్ళు ఊహించుకుంటారు, మూడోవాళ్ళు "నాకెందుకో మొదటినుంచీ అనుమానమే" అంటారు.

పైగా మా వెనక కూడా ఒక వరస ఉంది. మేం ఉంటున్న చిన్న ఫ్లాటు కొంటామని ఒక జంట వచ్చారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. వాళ్ళకి నేను చెప్పిందేమిటో తెలుసా? "కాస్త ఆగండి, కాగితాలు రావాలి." ఇంగ్లండులో దీన్ని గొలుసు అనే పిలుస్తారు. ఒక ఇల్లు ఆగితే దాని వెనక ఇంకో ఇల్లు, దాని వెనక ఇంకోటి. అందరూ అవే నాలుగు మాటలు వెనక్కి అందిస్తుంటారు. నేనూ అందించాను. ఆ అమ్మాయి చేతిలో కూడా ఏదైనా కొలతల చీటీ ఉందేమోనని అప్పట్లో నాకు తట్టలేదు.

కాగితాలు ముందే సిద్ధం చేసుకుని అమ్మకానికి పెట్టండి అంటే, అయ్యే పనేనా అంటారు. చేస్తున్న చోట్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఇల్లు అమ్మకానికుందని ప్రకటన ఇవ్వాలంటే అమ్మకపు కాంట్రాక్టు, దానికి జతచేయాల్సిన కాగితాలు ముందే తయారై ఉండాలి. విక్టోరియాలో 1962 నాటి భూమి అమ్మకాల చట్టం 32వ సెక్షన్ ప్రకారం, కొనేవాళ్ళు సంతకం పెట్టకముందే ఆ ఆస్తి మీద ఉన్న తాకట్టులు, ఆంక్షలు, కట్టాల్సిన పన్నులు వగైరా రాసి అమ్మేవాళ్ళు సంతకం చేసి ఇవ్వాలి. ఆ కాగితాన్ని అక్కడ అందరూ ఉట్టి సెక్షన్ 32 అనే పిలుస్తారు. స్కాట్లండులో 2008 డిసెంబరు నుంచి హోమ్ రిపోర్టు లేకుండా చాలామటుకు ఇళ్ళను మార్కెట్లో పెట్టకూడదు. ఇంటి పరిస్థితి ఎలా ఉందో సర్వేయరు చూసి రాసినది దాంట్లో ఉంటుంది. ఖర్చు అమ్మేవాళ్ళది.

ఇంగ్లండు, వేల్సుల్లో ఇదే ప్రయత్నం చేసి చెయ్యి కాల్చుకున్నారు. దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. 2007లో ఇంటి సమాచారపు ప్యాకెట్ ఒకటి అమ్మేవాళ్ళు తప్పనిసరిగా ఇవ్వాలన్నారు. 2010 మేలో దాన్ని ఆపేశారు. ఇంటి పరిస్థితి మీద సర్వే నివేదిక కూడా దాంట్లో ఉండాలని మొదట అనుకుని, అమలుకి ముందే దాన్ని ఐచ్ఛికం చేసేశారు. మిగిలిన ప్యాకెట్‌ని చాలామంది కొనేవాళ్ళు లెక్కచేయలేదు, వాళ్ళ లాయర్లు మళ్ళీ సొంతంగా వెతుక్కున్నారు. అమ్మేవాడు తెచ్చిన కాగితాన్ని కొనేవాడి లాయరు ఎలా నమ్ముతాడు? ఈ ప్రశ్నకి బలం ఉంది. మా లాయరు గారు కూడా ఇదే అన్నారు. "వాళ్ళిచ్చినా నేను చదవకుండా ఊరుకోనమ్మా."

చదవండి, ఎవరు వద్దన్నారు? ఆయన చదవడానికి పట్టేది ఒక సాయంత్రం అని ముందే చెప్పాను. తాకట్టు తీరిన ఉత్తరం, పన్ను బకాయి లేదన్న ధ్రువపత్రం, వారసుల సమ్మతి, ఇలాంటివి ఎవరు తెచ్చినా అవే. తెచ్చాక సరిచూసుకోవడం వేరు, మొదటినుంచీ తెప్పించుకోవడం వేరు. కాగితాలు పాతబడిపోతాయి అనేది రెండో అభ్యంతరం. స్కాట్లండులో దానికీ ఒక లెక్క పెట్టారు. ఇల్లు మొదటిసారి మార్కెట్లో పెట్టేనాటికి రిపోర్టు వయసు 12 వారాలు దాటకూడదు. కొన్ని కాగితాలు మళ్ళీ తీసుకోవాల్సి వస్తుంది, నిజమే. రెండోసారి తెచ్చుకోవడం మొదటిసారంత కష్టం కాదు. ఏ కిటికీ దగ్గర నిలబడాలో అప్పటికి తెలిసిపోతుంది.

మూడో అభ్యంతరం నాకు నిజంగా ఇబ్బంది పెట్టేది. అమ్మేవాళ్ళందరూ డబ్బు, ఓపిక ఉన్నవాళ్ళు కాదు. ఆ పెద్దాయన లాంటివాళ్ళు కాగితాలన్నీ ముందే తెచ్చుకోవాలంటే ఎవరు తిరుగుతారు ఆయనతో? మేం కొంటున్నాం కాబట్టి నేను తిరిగాను. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయనకి తొందర లేదన్నది మాత్రం తెలుసు. అమ్మాలనుకున్నది ఏడాది కిందటట. ఆ ఏడాదిలో ఆ ఉత్తరం పదిసార్లు వచ్చి ఉండేది, పేరులో తప్పులతో సహా. ఎవరూ అడగలేదు కనుక ఆయనకి అది కావాలని తెలియదు. కొనేవాళ్ళు దొరికాక లాయరు చెబితే తెలిసింది, అప్పటికి గడియారం మా గోడ మీద తిరుగుతోంది.

ఆ గడియారం ఊరికే తిరగలేదు. బ్యాంకువాళ్ళు మాకు మంజూరు చేసిన అప్పుకి కూడా గడువుంటుంది. అది దాటితే జీతం స్లిప్పుల దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. పదో వారంలో మా ఆయన ఆ కాగితం తీసి ఆఖరి తేదీ కింద పెన్నుతో గీత గీశారు. రెండో రోజు ఇంకో గీత గీశారు. టెన్షన్‌లో ఆయన చేసే పని అది, గీతలు గీస్తారు. నేనైతే గిన్నెలు తోముతాను. ఆ వారంలో మా ఇంట్లో తోమిన గిన్నెలనే మళ్ళీ తోమాను.

ఇంకో విషయం, ఇది వాదన కాదు, అగ్రిమెంటు రాసుకోబోతున్నవాళ్ళకి పనికొస్తుందని చెబుతున్నాను. గడువు తేదీ రాయకుండా సంతకం పెట్టకండి. భారతదేశపు లిమిటేషన్ చట్టంలో ఒప్పందం అమలు చేయమని కోర్టుకి వెళ్ళడానికి 3 సంవత్సరాలు ఉంది. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. లేకపోతే అవతలివాళ్ళు కాదన్నారని మనకి తెలిసిన నాటి నుంచి. కాదన్నది ఎప్పుడో, మనకి తెలిసింది ఎప్పుడో తేల్చడానికే సగం జీవితం పోతుంది. తేదీ ఒక్కటి రాసినా చాలదు. ఇళ్ళు, స్థలాల ఒప్పందాల్లో గడువు దాటినంత మాత్రాన ఒప్పందం పోయినట్టు కోర్టులు మామూలుగా అనుకోవు. గడువు అంత ముఖ్యమైతే ఆ మాట కూడా స్పష్టంగా రాసుకోవాలి. దాంతో పాటు ఏయే కాగితం ఎవరు తేవాలి, ఎప్పటిలోగా, తేకపోతే ఏమిటి అన్నది ఒక పేజీ. అంతకంటే పెద్ద పని కాదు. అడగడానికి మొహమాటం వేస్తుంది, తెలుసు. అడగకపోతే ఏడో వారంలో కళ్ళజోడు మీద కథలు అల్లుతారు, అదీ తెలుసు.

11వ వారం చివర్లో సరిచేసిన ఉత్తరం వచ్చింది. రిజిస్ట్రేషన్ అయిపోయింది. అన్ని వారాల తర్వాత జరిగిన ఆ పని అరగంట కూడా పట్టలేదు, కుర్చీ వెచ్చబడేలోపే లేవమన్నారు. పెద్దాయన తాళాలు ఇస్తూ వంటింటి తలుపు కొంచెం పైకెత్తి వేస్తే గాని పడదని చెప్పారు. కిటికీలు మళ్ళీ కొలుచుకున్నాను. లోపలి గదిది 3 అడుగుల 10 కాదు, 3 అడుగుల 11. మొదటిసారే తప్పు కొలిచానన్నమాట. ఆ తొందరలో కుట్టించి ఉంటే అంగుళం తక్కువయ్యేది. మా ఆయన ఇది విని ఎంత సంబరపడ్డారో చెప్పలేను.

ఇప్పుడు మా చిన్న ఫ్లాటు అమ్మకానికి ఉంది. ఉంది అంటే ఇంకా పెట్టలేదు. ఆ జంట ఆగలేక వేరేది కొనుక్కున్నారు. ఈసారి కాగితాలన్నీ చేతికి వచ్చేదాకా ఎవరికీ చూపించకూడదని పంతం పట్టాను. ఒక ఫైలు కొన్నాను. దాంట్లో దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, అప్పు తీరిన ఉత్తరం, సొసైటీ వాళ్ళు ఇచ్చిన బకాయి లేదన్న కాగితం వరసగా పెట్టుకుంటూ వచ్చాను. 19 రోజులు పట్టింది. ఆ 19 రోజులూ నాకోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఎవరి ఫోనూ ఎత్తకుండా తప్పించుకోవాల్సిన అవసరమూ రాలేదు.

నిన్న సాయంత్రం ఆఖరి కాగితం, పన్ను రసీదు, ఫైల్లో పెట్టబోతూ చూశాను. దస్తావేజులో నా ఇంటిపేరు దీర్ఘంతో ఉంది. రసీదులో హ్రస్వం. తొమ్మిదేళ్ళుగా హ్రస్వంతోనే పన్ను కడుతున్నాను, ఒక్కసారీ చూసుకోలేదు. పొద్దున్నే వెళ్ళి దరఖాస్తు ఇచ్చి వచ్చాను. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే కౌంటరులో అబ్బాయి చెప్పలేమన్నాడు. మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అడిగారు, ఫ్లాటు సంగతి ఎంతవరకూ వచ్చిందని.

"ఇంకా ఒక్క కాగితం రావాలండీ" అన్నాను.